తోమేసిన సీడీ

నేను బాగు చేయబోయిన మొదటి సీడీ నా చేతుల్లోంచి ఎగిరి గోడకి కొట్టుకుని ముక్కలైంది. ఒక ముక్క నా చెవి పక్క నుంచి పోయి వెనకాల తలుపు చెక్కలో గుచ్చుకుంది. చెవి తడుముకుంటే చేతికి రక్తం అంటింది. నొప్పి లేదు. ఏం జరిగిందో కూడా అర్థం కాలేదు. ఎదురుగా మోటారు మాత్రం ఏమీ ఎరగనట్టు తిరుగుతూనే ఉంది.

అప్పుడు మేం తాడేపల్లిగూడెంలో ఉండేవాళ్ళం. మా ఆయనకి స్టేషను వైపు వెళ్ళే రోడ్డులో కార్లకీ స్కూటర్లకీ సొట్టలు తీసి రంగులు వేసే షెడ్డు ఉండేది. అక్కడికి కొత్త గ్రైండరు కొన్నాక పాతదాన్ని ఇంటికి తెచ్చి వెనక వరండాలో బల్లకి బిగించారు. దానికి ఒక వైపు సానరాయి, ఇంకో వైపు మెరుగుపెట్టే గుడ్డ చక్రం. ఇంట్లో సీడీ ప్లేయరు కొన్న కొత్త. పిల్లల పాటల సీడీ ఒకదాన్ని మా చిన్నది గచ్చు మీద పెట్టి ఈడ్చి బండి ఆట ఆడుకునేది. చివరికి అది ఒక పాట మధ్యలో ఇరుక్కుపోయి అదే ముక్క మళ్ళీ మళ్ళీ పలకడం మొదలుపెట్టింది. చిన్నది ఏడుపు లంకించుకుంది. పళ్ళు తోముకునే పేస్టు రాసి రుద్దితే గీతలు పోతాయని పక్కింటావిడ చెబితే రుద్దాను. కొంచెం నయమైంది. పేస్టుకే అంత పని జరిగితే గుడ్డ చక్రానికి ఇంకెంత మెరుస్తుందో అనుకుని, ఆయన స్నానానికి వెళ్ళడం చూసి స్విచ్చి వేశాను. చక్రానికి సీడీ ఆనించిన మరుక్షణం అది నా చేతుల్లో లేదు.

ఆ చప్పుడుకి ఆయన తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చారు. ముందు స్విచ్చి ఆపారు. తర్వాత నా మొహం రెండు చేతులతో పట్టుకున్నారు.

"కళ్ళు తెరువు. రెండూ కనపడుతున్నాయా?"

"కనపడుతున్నాయండి."

"ఇటు చూడు. ఇప్పుడు అటు."

తిడతారనుకున్నాను. తిట్టలేదు. తలుపులో దిగిన ముక్కని పటకారుతో లాగి వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇంకొంచెం ఇటు వచ్చుంటే" అన్నారు. ఆ మాట పూర్తి చేయలేదు. ఏం తప్పిందో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ తర్వాతి ఆదివారం ఆయనే వరండాలో కూర్చుని నాకు ఆ పని నేర్పారు. "నువ్వు ఎలాగూ మానవు. సరిగ్గా చెయ్యడం నేర్చుకో" అన్నారు. గ్రైండరు జోలికి పోవద్దన్నారు. మెల్లగా తిరిగే చేతి డ్రిల్లు ఒకటి ఇచ్చి, దాని మూతికి కార్లకి మెరుగుపెట్టే స్పాంజి బిళ్ళ తగిలించారు. ఒక చెక్క మీద పాత బనీను గుడ్డ పరిచి, సీడీ నడిమి చిల్లులోంచి మెత్తటి రబ్బరు వేసి బోల్టు బిగించారు. లోతు గీతలుంటే ముందు నీళ్ళు చిలకరించి, రంగుల పనిలో వాడే సన్న గరుకు కాగితం, వాటర్ పేపరుతో లోపలి నుంచి బయటికి రుద్దాలి. గుండ్రంగా రుద్దకూడదు. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్ అనే మెరుగుపెట్టే ముద్ద రాసి స్పాంజి తిప్పాలి. ఒకే చోట ఆపితే వేడెక్కి ప్లాస్టిక్కు తెల్లబడిపోతుంది. అన్నిటికంటే ముందు సీడీని ట్యూబ్‌లైటుకి అడ్డంగా పెట్టి చూడాలి. బొమ్మ ఉన్న పైవైపు నుంచి వెండి పూత లేచిపోయి వెలుతురు చుక్కలు కనపడ్డాయంటే అది ఇక బతకదు. మెరిసే అడుగువైపు గీతలైతే బతుకుతుంది.

అలా నేర్చుకున్నాను. చిన్నదానికి కొత్త పాటల సీడీ కొనేశాం కానీ నా చేతికి ఆ పని పట్టుబడింది. పక్కింటావిడ వాళ్ళమ్మాయి పెళ్ళి సీడీ తెచ్చింది. వీధి చివర చర్చిలో పాటలు నేర్పే టీచరుగారు క్రిస్మస్ పాటలవి తెచ్చారు. ఉంగుటూరు నుంచి మా అన్నయ్య తెచ్చిన వాటిల్లో సగం పైపూత పోయినవే. ఆడినప్పుడు వాళ్ళ మొహాలు చూడడం నాకు బాగుండేది. గీత చూస్తే అది ఎలా పడిందో చెప్పేదాన్ని. కవరులోకి తోసి తీస్తే వెంట్రుకల్లాంటి సన్నటి నిలువు గీతలు పడతాయి. నేల మీద ఈడిస్తే ఒక పక్కంతా గరుకవుతుంది. ప్లేయరు పళ్ళెం సరిగ్గా లేకపోతే ఉంగరం గీసినట్టు ఒకటే గీత.

ఆ రోజుల్లోనే మా పిన్ని కూతురు, నాకు చెల్లి, ఒక సీడీ తెచ్చింది.

పిన్ని అంటే మా అమ్మకి ఒక్కగానొక్క చెల్లెలు. కైకలూరులో బస్సు దిగి ఆటోలో కొల్లేటి లోపలికి వెళ్ళాల్సిన ఒక లంక ఊరు వాళ్ళది. చిన్నప్పుడు నా వేసవి సెలవులన్నీ అక్కడే. పిన్ని గొంతు ఎంత చిన్నదంటే, ఏదైనా చెబుతుంటే మనం కాస్త ముందుకి వంగాల్సిందే. కోడిని అదిలించినా పక్కవాళ్ళకి వినపడేది కాదు. బాబాయి అందుకు పూర్తిగా వేరు. ఆయన చేపల చెరువు పెద్దది. ఆ గట్టు మీద నిలబడి అవతలి గట్టు మీద మనుషులకి పనులు చెప్పేవారు. ఆయన గొంతు నీళ్ళ మీద నడిచి వెళ్ళేది.

చెల్లి ఓణీల ఫంక్షను కూడా ఆ గట్టు మీదే చేశారు. ఊళ్ళో అంత జాగా లేదు, గట్టేమో లారీ తిరిగేంత వెడల్పు. షామియానా వేసి, పొడుగూతా అరటి చెట్లు కట్టారు. ముదినేపల్లి నుంచి వీడియో అతన్ని పిలిచారు. భోజనాలయ్యాక బాబాయి చుట్టాలందరి ముందు వల లాగించారు. బొచ్చెలు, శీలావతులు వలలో ఎగిరెగిరి పడుతుంటే పట్టుచీరల మీద నీళ్ళు చిందాయి. ఆయన పంచె ఎగ్గట్టి నీళ్ళలో నిలబడి నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి కొల్లేరు మళ్ళీ సరస్సుగా ఉండాలని ప్రభుత్వం వాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేశారు. వాళ్ళ చెరువూ పోయింది. అది మంచికా చెడ్డకా అని ఆ ప్రాంతంలో అందరూ వాదించుకున్నారు. బాబాయి వాదించలేదు. ఆయన మాట్లాడడమే తగ్గించేశారని మా అమ్మ ఫోనులో చెప్పింది.

చెల్లి అప్పటికి ఏలూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఒక శనివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా మా ఇంటికొచ్చింది. బ్యాగులోంచి చున్నీలో చుట్టిన సీడీ తీసింది.

"నా ఓణీల ఫంక్షనుదక్కా. ఆడట్లేదు. నాన్న రోజూ దీన్నే చూసేవారు. మొన్న పండక్కి వెళ్తే ఇది చెడిపోయి టీవీ పక్కన పడుంది. నాన్న అరుగు మీద ఊరికే కూర్చుని ఉన్నారు. నాతో కూడా సరిగ్గా మాట్లాడలేదు. ఇది బాగైతే మళ్ళీ మామూలు మనిషి అవుతారేమో."

"పిన్నికి చెప్పి తెచ్చావా?"

"లేదు. ఇద్దరికీ చెప్పకుండా తెచ్చాను. బాగు చేసి తీసుకెళ్తే సంతోషిస్తారు కదా."

సీడీని వెలుతురులోకి తిప్పి చూశాను. నా చేతిలో అలాంటిది ఎప్పుడూ పడలేదు. మెరిసే వైపు మెరుపన్నదే లేదు. అంచు నుంచి నడిమి దాకా గీతలు, వాటి మీద గీతలు, అన్నీ గుండ్రంగా, ఒకే తీరులో. ఎన్నాళ్ళు వాడినా అలా పడవు. పిల్లలు ఈడ్చినా పడవు. ఆ తీరు నాకు బాగా తెలిసినట్టే ఉంది, కానీ ఎక్కడ చూశానో గుర్తు రాలేదు. సాయంత్రం ఆయన షెడ్డు నుంచి వచ్చాక చూపించాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిప్పి తిప్పి చూశారు.

"ఇది పడిన గీత కాదు" అన్నారు. "ఎవరో కూర్చుని రుద్దారు."

ఆయన ఆ మాట అనగానే తట్టింది. అది అంట్లు తోమే చెయ్యి. పీచుతో పళ్ళెం తోమితే ఎలా తిరుగుతుందో అలాగే తిరిగింది. నేను రోజూ చూసేదే.

"పిల్లలెవరైనా వంట ఆటలో తోమారేమో. మా పక్కింటి పిల్లలు ఎప్పుడూ మా ఇంట్లోనే ఉంటారు" అంది చెల్లి.

అదే అయ్యుంటుందని ముగ్గురం అనుకున్నాం. ట్యూబ్‌లైటుకి పెట్టి చూస్తే పైపూత చెక్కుచెదరలేదు. సీడీ ప్రాణం ఆ పైపూతలోనే ఉంటుందని తోమిన చెయ్యికి తెలియదు. మెరిసే వైపే పాటలూ బొమ్మలూ ఉంటాయనుకుని అటే తోమింది. అందుకే అది బతికింది.

దాని మీద చాలా రోజులు కూర్చున్నాను. పిల్లల్ని బడికి పంపాక వరండాలోకి వెళ్ళడం, నీళ్ళు చిలకరించడం, రుద్దడం. ముతక పేపరు, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. మొదట్లో అద్దం మీద పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది. పాడుచేశానేమోనని భయమేసింది. కాంపౌండ్ రాసి స్పాంజి తిప్పుతుంటే కొంచెం కొంచెంగా వెలుగొచ్చింది. ఒక ఉదయం అందులో నా మొహం కనపడింది. ప్లేయరులో పెట్టాను. నాదస్వరం వినపడింది. షామియానా, అరటి చెట్లు, ఓణీలో చెల్లి, దాని వెనక దూరంగా మెరుస్తున్న చెరువు. ఒకటి రెండు చోట్ల బొమ్మ గళ్ళు గళ్ళుగా విడిపోయి మళ్ళీ కలిసింది తప్ప చివరి దాకా ఆడింది. నేను గెలిచినట్టు పొంగిపోయి చెల్లి హాస్టల్‌కి ఫోను చేశాను.

ఆ ఆదివారం పిల్లల్ని ఆయనకి అప్పజెప్పి పొద్దున్నే ఏలూరు బస్సెక్కాను. చెల్లి బస్టాండులో కలిసింది. ఇద్దరం కైకలూరు బస్సు పట్టుకున్నాం. గట్లు కొట్టాక నేను అటు వెళ్ళడం అదే మొదలు. చెరువులు గళ్ళ దుప్పటిలా ఉండే చోట ఒకటే నీళ్ళు. నీళ్ళ మీద గుర్రపుడెక్క, కిక్కిస గడ్డి, వాటి మధ్య గూడబాతులు. చూడ్డానికి అందంగానే ఉంది. అందంగా ఉందని చెల్లితో అనలేకపోయాను.

మేం వెళ్ళేసరికి బాబాయి అరుగు మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను ఊహించుకున్నంత దిగులుగా లేరు. గెడ్డం గీసుకుని ఉతికిన చొక్కా వేసుకున్నారు.

"రామ్మా రా. ఎండలో వచ్చారే. పిల్లల్ని తీసుకురాలేదా?"

"వాళ్ళ నాన్న దగ్గర వదిలేశాను బాబాయ్. మీరు బాగున్నారా అండి?"

"బాగానే ఉన్నాను" అన్నారు. ఆ రెండు మాటలూ చెప్పడానికి కొంచెం ఆగారు.

పిన్ని పెరట్లో చేపలకి పొలుసు తీస్తోంది. మమ్మల్ని చూసి బూడిద చేతులు ఎత్తి నవ్వింది. మంచినీళ్ళు తాగి ఉండమంది. చెల్లి ఆగలేదు. బాబాయి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. "కళ్ళు మూసుకోండి నాన్నా" అని సీడీ పెట్టింది. నాదస్వరం మొదలైంది.

బాబాయి కళ్ళు తెరిచారు. కదల్లేదు. ఆయన మొహం చూద్దామని నేను పక్కకి వంగాను. ఈలోగా పెరట్లో ఏదో గిన్నె పడిన చప్పుడు, తర్వాత పరుగు. పిన్ని గుమ్మంలోకొచ్చి ఒక్క క్షణం టీవీ వంక చూసింది. బూడిద చేత్తోనే గోడకున్న తీగ పట్టుకుని లాగేసింది. తెర నల్లబడింది.

"ఎవరే దీన్ని బాగు చేసింది?"

అది పిన్ని గొంతని నాకు వెంటనే అర్థం కాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి అలా అరవడం నేను వినలేదు. చెల్లి నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. బయట నడుస్తున్న మనిషెవరో ఆగి లోపలికి చూశారు.

"నేనే పిన్నీ" అన్నాను.

పిన్ని నా జబ్బ పట్టుకుని పెరట్లోకి లాక్కెళ్ళింది. బూడిద నా జాకెట్టు చేతికి అంటుకుంది. నూతి పక్కన అంట్లు తోమే బండ దగ్గర నిలబెట్టింది. ఆ బండ మీద కొబ్బరి పీచు, ఒక చిప్పలో బూడిద, ఇటుక పొడి. అవి చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. పిన్ని నోరు తెరవకముందే.

"నువ్వే తోమావా?"

"ఊఁ" అంది. గొంతు మళ్ళీ ఎప్పటిలా అయిపోయింది. నేను ముందుకి వంగాను.

"మీ బాబాయి పొద్దున్న లేస్తే అదేనే. చెల్లి ఫంక్షను కోసం కాదు. దాన్నంతా దాటించేసి వల లాగే చోటికి తెచ్చేవారు. అక్కడ ఆపి చూసేవారు. కాసేపు నడిపించి మళ్ళీ ఆపేవారు. సర్లే, బెంగ కదా, చూసుకోనీ అనుకున్నాను. ఒకరోజు నేను బియ్యం ఏరుకుంటుంటే మాటలు వినపడ్డాయి. ఎవరొచ్చారా అని చూస్తే ఎవరూ లేరు. టీవీతో మాట్లాడుతున్నారు. 'ఆ మూల చేపల మేత సంచి ఖాళీ అయిపోయింది, తౌడు నింపి కట్టండి' అంటున్నారు. వల లాగే కుర్రాళ్ళకి చెబుతున్నారు."

నేను బండ అంచున కూర్చుండిపోయాను.

"నేను కదలకుండా నిలబడ్డాను. ఆయన టీవీ కట్టేశారు. లేచి గదిలో మిగిలిన తౌడు బస్తా భుజానికెత్తుకుని బయటికి నడిచారు. మిట్టమధ్యాహ్నం. ఏవండీ ఏవండీ అని వెనకాల పడ్డాను. వినలేదు. మన గట్టు ఉండే చోటికెళ్ళి ఆ తౌడంతా నీళ్ళలో పోశారు. పోసి, ఆయనా దిగారు. మోకాళ్ళ దాకా, నడుం దాకా. ఛాతీ దాకా వెళ్ళి అలా నిలబడిపోయారు. నాకు అరుద్దామంటే గొంతు రాలేదే. నా గొంతు సంగతి నీకు తెలుసుగా. దోనెలో పోయేవాళ్ళు చూసి చెయ్యిపట్టుకుని తీసుకొచ్చారు. ఆ సాయంత్రమే దాన్ని తెచ్చి ఈ బండ మీద తోమేశాను."

"చెల్లికి తెలియదా?"

"చదువుకునే పిల్లకి ఏం చెబుతాను? ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మకి కూడా. అది ఆడకపోతే ఆయన తీసి చొక్కాతో తుడిచి మళ్ళీ పెట్టేవారు. మళ్ళీ తుడిచేవారు. చూడలేక పెరట్లోకొచ్చేసేదాన్ని. కొన్నాళ్ళకి మానేశారు. ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నారు. దెందులూరు దగ్గర హైవే పక్క ఎవరివో చెరువులు చూసుకోడానికి మనిషి కావాలంటే వస్తానన్నారు. రేపే వెళ్ళాలి. ఇవాళ నువ్వు దీన్ని పట్టుకొచ్చావు."

అన్ని రోజులు వరండాలో కూర్చుని నేను ఒక్కొక్కటిగా చెరిపేసిన గీతలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఒక్కో గీతా ఈ మనిషి ఎంత భయంతో గీసుకుందో. అది పిల్లల ఆటనుకున్నాను నేను. క్షమించు పిన్నీ అనాలని కూడా తట్టలేదు.

లోపల్నుంచి నాదస్వరం మళ్ళీ వినపడింది.

ఇద్దరం ఒకేసారి పరిగెత్తాం. బాబాయి తీగ మళ్ళీ పెట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. రిమోటు చెల్లి చేతిలో ఉంది. పిన్ని మళ్ళీ తీగ వైపు వెళ్ళబోయింది.

"ఉండనీ" అన్నారు బాబాయి. "మొదటి నుంచి చూస్తాను. దాటించొద్దమ్మా."

పిన్ని గోడకి ఆనుకుని నిలబడింది. నేను గుమ్మం పట్టుకున్నాను. చెల్లికి హారతిచ్చారు. చుట్టాలు ఒక్కొక్కళ్ళే వచ్చి అక్షింతలు వేశారు. వాళ్ళలో నేనూ ఉన్నాను, ఆకుపచ్చ పట్టుచీరలో. భోజనాలు వచ్చాయి. వల వచ్చింది. చేపలు ఎగురుతున్నాయి. బాబాయి నీళ్ళలో నిలబడి నవ్వుతున్నారు. కుర్చీలో బాబాయి అలాగే చూస్తున్నారు. వల అయిపోయి కెమెరా గట్టు మీదికి తిరిగింది. ఆయన ఆపమనలేదు.

అప్పుడు తెర వంక చూస్తూనే అన్నారు. "దీన్ని తోమింది నువ్వేగా."

చెల్లి తలతిప్పి వాళ్ళమ్మ వంక చూసింది.

"మీకు తెలుసా?" అంది పిన్ని.

"నడుమ చిల్లు దగ్గర బూడిద అంటుకుని ఉంది. మొదటి రోజే చూశాను."

"మరి అడగలేదేంటండి?"

"అడిగితే ఎందుకు తోమావో నువ్వు చెప్పాలి. నేను నీళ్ళలోకి దిగిన సంగతి మాట్లాడాలి. నీకూ కష్టం, నాకూ కష్టం. అందుకని తుడిచి పెడుతుంటే నాకు తెలియదనుకుంటావులే అని తుడిచేవాణ్ణి."

పిన్ని అలాగే జారి నేల మీద కూర్చుంది. అన్ని నెలలు ఒకే కప్పు కింద, ఒకే గిన్నెలో వండుకు తిన్న ఇద్దరు మనుషులు. ఆయనకి తెలియదని ఆవిడ, తనకి తెలుసని ఆవిడకి తెలియకూడదని ఆయన. నేను ఆయన మొహం చూడలేక టీవీ వంక చూశాను.

"నాన్నా, నీళ్ళలోకి దిగడమేంటి?" అంది చెల్లి. దాని గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

పిన్ని వద్దన్నట్టు చెయ్యి ఊపింది. బాబాయి ఆగలేదు.

"మేత వేశానమ్మా. మీ అమ్మ నాకు మతి పోయిందనుకుంది. మతి పోలేదు. గట్టు తెగినప్పుడు మన చేపలు ఎక్కడికెళ్ళాయి? కొల్లేట్లోకేగా. అక్కడే ఎక్కడో తిరుగుతుంటాయి. వేళకి తిండి అలవాటు చేసినవాణ్ణి నేను. తౌడు ఇంట్లో పెట్టుకుని ఎలకలకి పెట్టడమెందుకని తీసుకెళ్ళి పోశాను."

"మరి దిగారెందుకండి?" అంది పిన్ని. ఆ ప్రశ్న అన్ని నెలలుగా ఆవిడ గొంతులోనే ఉండిపోయిందని అప్పుడు తెలిసింది.

బాబాయి రిమోటు అడిగి తీసుకున్నారు. బొమ్మ నడుస్తుండగానే చప్పుడు తగ్గించారు.

"వస్తాయేమో చూద్దామని దిగాను. అదైతే నిజం. దిగాక మాత్రం" అని ఆగారు. "దిగాక కాసేపు బయటికి రావాలనిపించలేదు. ఆ దోనె వాళ్ళు రాకపోతే ఏం చేసేవాణ్ణో నాకు తెలియదు. ఇది నీకు చెప్పలేకే నోరు కట్టేసుకున్నాను."

తెర మీద నేను ఎవరితోనో నవ్వుతూ కిళ్ళీ నములుతున్నాను. చెల్లి లేచి వెళ్ళి వాళ్ళ నాన్న కుర్చీ పక్కన కింద కూర్చుని ఆయన మోకాలు పట్టుకుంది. ఏడవలేదు. గట్టిగా పట్టుకుంది, అంతే. పిన్ని చేతులకున్న బూడిద అప్పటికి ఎండిపోయి గచ్చు మీద రాలుతోంది.

సీడీ చివరి దాకా ఆడింది. బాబాయి లేచి దాన్ని తీసి, రెండు వైపులా తిప్పి చూసి, "బాగా చేశావమ్మా. కొత్తదానిలా ఉంది" అన్నారు నాతో. ఆ మాటకి నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తర్వాత దాన్ని పిన్ని చేతికిచ్చారు.

"నీ దగ్గరుంచు. చూడాలనిపిస్తే నిన్నడుగుతాను."

పిన్ని చేతులు కడుక్కొచ్చి దాన్ని తీసుకుని చీరల పెట్టెలో పెట్టింది. ఆ తర్వాతే సగం పొలుసు తీసిన చేపలు పెరట్లో ఎండకి పడున్నాయని గుర్తొచ్చింది. వాటిలో ఒకటి పిల్లి ఎత్తుకుపోయింది. మిగిలినవి పులుసు పెట్టింది. ఆ మధ్యాహ్నం అందరం కలిసి తిన్నాం. బాబాయి రెండోసారి అన్నం అడిగారు. పిన్ని వడ్డిస్తూ గరిటె కింద పడేసింది.

తిరుగు బస్సులో చెల్లి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఏలూరు దగ్గర పడ్డాక అంది, "నేను దాన్ని తేకపోతే వాళ్ళు ఎప్పటికీ మాట్లాడుకునేవాళ్ళు కాదేమో." మళ్ళీ, "తెచ్చినందుకు ఇంకోలా అయ్యుంటే?" అంది. దాని చెయ్యి నా ఒళ్ళోకి లాక్కున్నాను. ఇంటికెళ్ళి మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన వింటూ వింటూ డ్రిల్లుకున్న స్పాంజి బిళ్ళ ఊడదీసి, చూసి, మళ్ళీ తగిలించారు. "నీ తప్పేం లేదులే" అన్నారు. ఆ నెలంతా వచ్చిన సీడీలు బల్ల మీద అలాగే పడున్నాయి. ముట్టుకోబుద్ధి కాలేదు.

బాబాయి మర్నాడే దెందులూరు వెళ్ళారు. కొన్ని వారాలకి పిన్ని కూడా ఇల్లు తాళం వేసి వెళ్ళింది. ఆయన్ని ఒంటరిగా నీళ్ళ పక్కన వదిలి ఉండలేనని మా అమ్మకి మొత్తం చెప్పుకుందట. చెరువు గట్టు మీదే రేకుల గది ఇచ్చారు వాళ్ళకి.

వాన కాలం వెళ్ళాక ఒకసారి పిల్లల్ని తీసుకుని వాళ్ళని చూడ్డానికి వెళ్ళాను. హైవే మీద బస్సు దిగి గట్టు వెంట నడుస్తుంటే దూరం నుంచి ఒక ఆడమనిషి కేక వినపడింది. "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది, వస్తారా రారా?" అవతలి గట్టు మీద మేత సంచులు కడుతున్న బాబాయి చెయ్యెత్తి వస్తున్నానన్నారు. కేక వేసింది పిన్నే. నేను నడుస్తూ నడుస్తూ ఆగిపోయాను.

"ఇంత గొంతు ఎక్కడిది పిన్నీ నీకు?"

"ఇక్కడ అరవకపోతే వినపడదే. చెరువు ఇంత ఉంది" అంది మామూలుగానే.

గదిలో మంచం, పొయ్యి, చీరల పెట్టె ఉన్నాయి. టీవీ లేదు. నేను గోడలు చూడ్డం పిన్ని గమనించింది.

"ఇంట్లో ఉన్నది తెద్దామా అని అడిగాను ఆయన్ని. నీకు కావాలంటే తెస్తానన్నారు. నాకు కావాలి కదా మరి. పొద్దుపోదు ఇక్కడ. వచ్చే వారం తెస్తున్నారు" అంది. పిల్లలకి కంచాలు పెట్టమని నాకు చెప్పి, మళ్ళీ గుమ్మంలోకెళ్ళి బాబాయి ఎంతవరకొచ్చారో చూసింది.